మ్యాపులో తెల్లగా ఉన్న చోటు

నిధులిచ్చే సంస్థ వాళ్ళు ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు, మీ పరిశోధన వల్ల ప్రభుత్వ విధానం ఏమైనా మారిందా అని. వరద పరిశోధన కేంద్రం ప్రొఫెసరు గారు కూడా ఏటా ఒకే జవాబు రాస్తారు, మారే అవకాశాలు మెండుగా ఉన్నాయని. ఆ మెండుతనాన్ని ఆరేళ్ళపాటు ఓపిగ్గా భరించిన సంస్థ, ఈ ఏడు కూడా ఏమీ మారకపోతే తమ దారి తాము చూసుకుంటామని ఎంతో మర్యాదగా కబురు పెట్టింది. సరిగ్గా ఆ సమయానికి నీటి శాఖ నుంచి ఉత్తర్వు దిగింది. కేంద్రం వాళ్ళు గీసిన వరద మ్యాపు ఆధారంగా, నది ఒడ్డు వీధి వాళ్ళందరినీ సురక్షిత ప్రాంతంలో ఉన్న కొత్త ఫ్లాట్లకి తరలించాలని ప్రభుత్వం నిర్ణయించిందట. ఇక ప్రొఫెసరు గారి కాళ్ళు నేల మీద ఆనలేదు. కేకు తెప్పించారు. దాని మీద నీలం క్రీముతో నదిని కూడా గీయించారు. ఆ నదిని కోసి తలా ఒక ముక్క పంచి, ఇన్నాళ్ళకి మన శ్రమ ఫలించిందని కళ్ళు తుడుచుకున్నారు.

మ్యాపు గీసింది మాత్రం ఆయన కాదు. ఆయన దాని ముందు నిలబడి ఫోటో దిగారు, అంతే. గీసింది కిటికీ పక్క టేబుల్ దగ్గర ఏళ్ళ తరబడి కంప్యూటర్లో నీళ్ళు పారిస్తూ కూర్చున్న ఒక నడివయసావిడ. ఎగువన ఎంత వాన పడితే నది ఎంత పొంగుతుంది, ఏ వీధిలో ఎంత లోతు నిలుస్తుంది అన్నది లెక్కకట్టడం ఆవిడ పని. ఆవిడ సొంత అక్క నది ఒడ్డు వీధిలోనే ఉంటుంది. ఆ వీధి వాళ్ళు ఈవిడని నీళ్ళమ్మ అంటారు. అదేదో గౌరవం కొద్దీ పెట్టిన పేరనుకునేరు.

కిందటేడు వానాకాలంలో, నది పొంగబోతోందని లెక్క తేలేసరికి ఈవిడ పరుగున వెళ్ళి అక్కకి చెప్పింది. అక్క వీధి వీధంతా చెప్పింది. మంచాలు, బీరువాలు, కుట్టు మిషన్లు మోసుకుని జనమంతా స్కూలు మేడ మీదికెక్కి, దోమల చేత ఒళ్ళంతా కుట్టించుకుంటూ నది కోసం ఎదురుచూశారు. నది ఒక్క చుక్క కూడా గట్టు దాటించలేదు. ఎగువన ఆనకట్ట వాళ్ళు నీళ్ళు పట్టి ఉంచారు. పదిసార్లలో ఆరుసార్లు వస్తుందన్నానే గానీ తప్పకుండా వస్తుందనలేదని ఈవిడ ఎంత మొత్తుకున్నా ఎవరు చెవిన పెడతారు? పేరు ఖాయమైపోయింది. పాపం, అక్క చాలా నెలలు వీధిలో తలెత్తుకోలేకపోయింది. అక్క ఒక్క మాట అనలేదు గానీ, ఆ అనకపోవడమే నీళ్ళమ్మకి ఎక్కువ గుచ్చుకుంది.

సరే, కేకు తింటూ నీళ్ళమ్మ ఉత్తర్వు కాగితం చదివింది. సురక్షిత ప్రాంతం ఏదా అని చూస్తే, రైలు కట్టకి అవతల. నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది.

ఎందుకంటారా? ఆ మ్యాపులో నడుములోపు మునిగే చోటుకి లేత నీలం, నడుము దాటితే ముదురు నీలం, లోతు పెరిగే కొద్దీ ఇంకా ముదురు. రైలు కట్టకి ఇవతలంతా ఈ నీలాలే. అవతలంతా తెలుపు. తెలుపంటే మునగదని కాదు, చూడలేదని. నేల ఎత్తుపల్లాలు తెలిస్తే గానీ నీళ్ళెటు పోతాయో లెక్కకట్టలేరు కదా. ఆ వివరాలు సర్వే ఆఫీసు నుంచి వచ్చినప్పుడు, కట్టకి అవతలి ప్రాంతం ఫైలు తెరుచుకోలేదు. మళ్ళీ అడుగుదాం అనుకున్నారు. అడగాల్సింది ఎవరో తేలలేదు. ఈలోగా గడువు ముంచుకొచ్చింది. లెక్కని రైలు కట్ట దగ్గరే ఆపేసి, అవతలి ప్రాంతం ఈ అధ్యయనం పరిధిలో లేదని నివేదిక చివర్లో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క తగిలించి, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. పరిశోధకుల లోకంలో అలా ఒక ముక్క రాసేస్తే చాలు, ఇక ఆ చోటు సంగతి ఎవరూ అడగరు.

నీళ్ళమ్మ ప్రొఫెసరు గారి గదికి వెళ్ళి, తెలుపుని వీళ్ళు సురక్షితం అని చదువుకున్నారు సార్ అని చెప్పింది. ఆయన సాంతం విన్నారు. పేజీ అడుగున రాశాం కదా అన్నారు. ఆ ముక్క ఎవరూ చదవలేదు సార్ అంటే, చదవకపోవడం మన తప్పు కాదు కదా అన్నారు. అయినా ఇప్పుడు పనిగట్టుకుని వెళ్ళి, మా మ్యాపు మీకు అర్థం కాలేదని శాఖ వాళ్ళతో అంటే ఏమవుతుంది? విధానం ఆగుతుంది. విధానం ఆగితే మన ప్రభావం పోతుంది. ప్రభావం పోతే నిధులు, నిధులు పోతే కేంద్రం. కేంద్రమే పోయాక, వరదల నుంచి జనాన్ని కాపాడే దిక్కెవరు? ఆ వరుస చెబుతుంటే ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఆయన చెడ్డవాడేం కాదు సుమండీ. జనం కోసం ఆయన పడని తాపత్రయం లేదు. ఆ జనం ఎక్కడుంటారన్నదే ఆయనకి అంతగా గుర్తుండదు.

నీళ్ళమ్మ ఊరుకోలేదు. సెలవు పెట్టి, తనే నీటి శాఖ కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. ఆయన గదిలో, కుర్చీ వెనక గోడకి మ్యాపు వేలాడుతోంది. అద్దం బిగించారు. దొరికిన ఫ్రేము చిన్నది కావడంతో, ఏ రంగుకి ఏం అర్థమో రాసిన కింది పట్టీని వెనక్కి మడిచేశారు. దాంతో మ్యాపు చూడ్డానికి ముచ్చటగా ఉంది, సగం నీలం, సగం తెలుపు. కార్యదర్శి మర్యాదస్తుడు. టీ తెప్పించి, మీలాంటి వాళ్ళ వల్లే మేం కళ్ళు తెరిచామన్నాడు. ఆమె తెలుపు సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, ముందుకి వంగాడు.

"ఇంతకీ అక్కడ నీళ్ళొస్తాయా, రావా మేడమ్?"

"తెలీదండీ. మేం చూడలేదు."

"వస్తాయని మాత్రం మీరు అనడం లేదు."

"అనడం లేదండీ. లెక్క కట్టకుండా ఎలా అంటాం?"

ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. తెలీదు అన్న మాటని ఫైల్లో ఎక్కడ రాయాలో తమ శాఖలో ఎవరికీ తెలియదని, రాయడానికి అలాంటి చోటే లేదని ఆమెకి జాలిగా వివరించాడు. ఆ ఫ్లాట్లు ఎప్పుడో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టారట. వాళ్ళు అంత దూరం పోలేమని మొండికేశారట. అప్పటి నుంచీ పావురాలు తప్ప ఎవరూ దిగలేదట. ఆ ఫ్లాట్లని ఏం చేశారో చెప్పమని ప్రతి మంత్రీ అడుగుతూనే ఉన్నాడట. అలాంటి సమయంలో మీ మ్యాపు వచ్చి మమ్మల్ని ఒడ్డున పడేసిందమ్మా అని చేతులు జోడించాడు. వారం తిరక్కుండానే శాఖ నుంచి కేంద్రానికి ఒక కాగితం వచ్చింది. నిపుణురాలిని స్వయంగా సంప్రదించగా, సదరు ప్రాంతానికి ముంపు ఉన్నట్టు ఎలాంటి ఆధారమూ లేదని ఆమె తెలియజేశారు. నీళ్ళమ్మ ఆ వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చదివింది. ఒక్క అబద్ధం లేదు. ఇంకెవరైనా అయితే, మునుగుతుంది బాబూ, కొంపలు మునుగుతాయి అని గోల పెట్టి బయటపడేవాళ్ళు. చూడనిదాన్ని చూశానని అనలేని రోగం పరిశోధకులకే ఉంటుంది.

ఇక మిగిలింది అక్క. అక్క ఇంటి ముందు గదిలోనే కుట్టు కొట్టు. గోడ వారగా మూడు మిషన్లు, మధ్యలో బట్టలు కత్తిరించే పెద్ద బల్ల. బావ బస్సు డ్రైవరుగా చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మెట్లన్న మాట వింటేనే మొహం ముడుచుకుంటాడు. నది ఆ ఇంట్లోకి ఇప్పటికి మూడుసార్లు వచ్చి వెళ్ళింది. ప్రతిసారీ మోటార్లు పాడై, బట్టలు బురదై, అక్క మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కొత్త ఫ్లాట్ల కబురు వినగానే ఆమె మొహం విచ్చుకుంది. అయినా నీళ్ళమ్మ తెలుపు సంగతి చెప్పింది. అక్క సుద్దముక్కతో బట్ట మీద గీతలు గీస్తూనే అంతా విన్నది.

"అయితే అక్కడ నీళ్ళొస్తాయంటావా?"

"తెలీదక్కా."

"ఇక్కడ?"

"ఇక్కడ వస్తాయి. అందులో అనుమానం లేదు."

"మరి తెలిసి తెలిసి మునిగే చోట కూర్చునేకన్నా, తెలియని చోటికి పోవడమే నయం కదే. అంత చదువు చదివావు, ఈ మాత్రం తోచలేదా నీకు?"

తోచింది. అక్క మాటలో తప్పు పట్టడానికి ఆమె చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యం దొరకలేదు. ఆ తర్వాత స్కూలు వరండాలో వీధి వాళ్ళంతా సమావేశమయ్యారు. వెళ్ళాలా వద్దా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే, అక్క లేచి నిలబడి, ఆ మ్యాపు గీసింది మా చెల్లెలే, దానికన్నా ఎవరికి తెలుస్తుంది, నేను ముందు వెళుతున్నాను, వచ్చేవాళ్ళు నా వెనక రండి అంది. అందరి తలలూ ఒక్కసారిగా నీళ్ళమ్మ వైపు తిరిగాయి. ఆమె ఆ పరిధి, ఈ పరిమితి అంటూ కాసేపు నీళ్ళు నమిలింది. వెనక నుంచి ఎవరో, కిందటేడు ఇంత నెమ్మదిగా చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా అన్నారు. వరండా అంతా నవ్వు. ఆ నవ్వులోనే వీధి కదలడానికి నిర్ణయం జరిగిపోయింది.

మర్నాడు నీళ్ళమ్మ ఆరేళ్ళ క్రితం చేయాల్సిన పని చేసింది. సర్వే ఆఫీసుకి ఫోను చేసి, ఆ తెరుచుకోని ఫైలు మళ్ళీ పంపమని అడిగింది. అవతల గొంతు, ఇన్నాళ్ళూ చెప్పలేదేం అని ఆశ్చర్యపోయి వెంటనే పంపింది. టీ చల్లారేలోపు ఫైలు వచ్చింది, సుబ్బరంగా తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె లెక్కని రైలు కట్ట దాటించింది. కట్టకి అవతల నేల బొచ్చెలా గుంటపడి ఉంది, ఇవతలి వీధికన్నా పల్లం. కట్ట కింద పాత తూము ఒకటి ఉంది, మనిషి వంగకుండా నడిచేంతది. నది పొంగితే నీళ్ళు ఆ తూములోంచి అవతలికి దూరి, తిరిగి వచ్చే దారి లేక అక్కడే నిలుస్తాయి. ఫ్లాట్లు కట్టింది ఆ బొచ్చె అడుగునే. తెరమీద తెలుపు కాస్తా లేత నీలమై, ముదురు నీలమై, చివరికి మ్యాపు మొత్తంలో ఇంకెక్కడా లేనంత ముదురై ఆగింది. ఆమె లెక్క మళ్ళీ వేసింది. మళ్ళీ అదే రంగు.

ప్రొఫెసరు గారికి చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కాసేపు ఆమె గుండె తేలికపడింది. ఆయన అద్భుతం అన్నారు. రైలు కట్టలు వరదని ఆపుతాయని లోకమంతా అనుకుంటుంటే, అవే తూముల ద్వారా వరదని దాచిపెడతాయని మనం నిరూపించబోతున్నాం, దీంతో పెద్ద పత్రికలో వ్యాసం పడుతుంది అన్నారు. శాఖకి చెబుదామా సార్ అంటే, తప్పకుండా, సమీక్ష అవగానే అన్నారు. తోటి శాస్త్రవేత్తలు పరీక్షించి ఔననే దాకా ఏ ఫలితమూ గడప దాటకూడదన్నది ఆ కేంద్రంలో నియమం. నియమం మంచిదే. అంత మంచి నియమాన్ని నీళ్ళమ్మ కూడా మనసారా నమ్మింది, పైగా దాని చాటున కాస్త దాక్కుంది కూడా. తూములో ఎంత మట్టి పేరుకుందో, ఎంత నీరు దూరుతుందో తను వేసుకున్నది అంచనాయే. అది తప్పైతే? అక్క మళ్ళీ వీధిలో తలదించుకోవాలి. ఈసారి సమీక్ష ముద్ర పడ్డ కాగితం చేతిలో పట్టుకునే వెళతాను, అప్పుడు ఎవడు నవ్వుతాడో చూస్తాను అనుకుంది. వానలకి ఇంకా చాలా వ్యవధి ఉందని కూడా అనుకుంది. మొత్తానికి భయపడింది, ఆ భయానికి పద్ధతి అని పేరు పెట్టుకుంది.

వ్యాసం పంపారు. మొదటి సమీక్షకుడు తను రాసిన వ్యాసాలు ఇందులో ఎందుకు ప్రస్తావించలేదని అడిగాడు. ప్రస్తావించారు. రెండో సమీక్షకుడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా వీధి ఖాళీ కావడం మొదలైంది. అక్క చెప్పినట్టే అందరికన్నా ముందు కదిలింది. ఆ రోజు నీళ్ళమ్మ కూడా వెళ్ళి సామాను సర్దింది. కింది అంతస్తు ఫ్లాటు, ముందు గదిలో కత్తిరించే బల్ల, గోడ వారగా మిషన్లు, అచ్చం పాత ఇంట్లోలాగే. కొత్త సున్నం వాసన. బావ ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా లోపలికి నడిచొచ్చి, అన్ని గదులూ తిరిగి, బాత్రూం తలుపు రెండుసార్లు వేసి తీసి, మహారాజులా ఉంది అన్నాడు. నీళ్ళమ్మ చేతుల్లో కుట్టు మిషను బరువు. అది దింపకుండానే అంది.

"అక్కా, పై అంతస్తు ఇమ్మని అడక్కూడదూ?"

"మీ బావ మోకాళ్ళు నీకు తెలీవా?" అక్క చేతిలో పని ఆపి చూసింది. "ఏం, ఈ చోటు కూడా మ్యాపులో నీలమా?"

"లేదు. మ్యాపులో తెలుపే."

నిజమే చెప్పింది. అచ్చయిన మ్యాపులో అది తెలుపే. నీలం ఉన్నది ఇంకా సమీక్షలో ఉన్న మ్యాపులో. అక్క నవ్వి, మరింకేం, ఆ మిషను కిటికీ దగ్గర పెట్టు, వెలుతురు బాగా పడుతుంది అంది. ఆమె పెట్టింది. రేపు చెబుతాను అనుకుంది. రేపు వచ్చాక, ఎల్లుండి రెండో సమీక్ష వస్తుందేమో అనుకుంది.

ఆ సమీక్ష వానలతో పాటే వచ్చింది. రెండో సమీక్షకుడు చాలా జాగ్రత్తపరుడు. పద్ధతి బాగుందన్నాడు, భాష బాగుందన్నాడు. అయితే ఈ ప్రాంతంలో ఇంతకు ముందు వరద వచ్చిన దాఖలా ఎక్కడా చూపలేదని, వాస్తవంగా వచ్చిన వరదతో సరిపోల్చి చూపితే తప్ప ఈ లెక్కని నమ్మలేమని రాశాడు. అక్కడ మునుపెన్నడూ మనుషులే లేరు, దాఖలా ఎవరు రాసిపెడతారు? ఏం జవాబివ్వాలా అని ప్రొఫెసరు గారు బుర్ర గోక్కుంటూ ఉండగానే, ఎగువన ఆనకట్ట నిండిపోయి గేట్లెత్తేశారు.

నది పాత వీధి మీదికి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు, ఇళ్ళు అప్పటికే పడగొట్టేశారు. పరిశోధన ఆధారంగా తీసుకున్న ముందుచూపు నిర్ణయం వల్ల నది ఒడ్డు వీధిలో ఒక్క ప్రాణానికీ ముప్పు కలగలేదని కార్యదర్శి టీవీలో ప్రకటించాడు. ఆయన ప్రకటిస్తున్న సమయానికి నీళ్ళు తూము దాటాయి. అక్క వంటగదిలో ఉండగా ముందు నేలలో నీళ్ళు పోయే కన్నంలోంచి బురదనీళ్ళు పైకి తన్నాయి, ఆ వెంటనే తలుపు కిందనుంచి వచ్చాయి. ఆమె బావని లేవదీసి కత్తిరించే బల్ల మీదికెక్కించింది. మిషన్లు ఎత్తడానికి ఇక వ్యవధి లేదు. పై అంతస్తు కుర్రాళ్ళు ఈదుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేదాకా, బావ ఆ బల్ల మీద ఛాతీలోతు నీళ్ళలో కూర్చున్నాడు, పక్కన అక్క అతని తల పట్టుకుని. నీళ్ళమ్మ కేంద్రంలో ఫోను పట్టుకుని, అక్క నంబరు నొక్కుతూ, ఏడుస్తూ, మళ్ళీ నొక్కుతూ ఉండిపోయింది. చివరికి ఆస్పత్రి నుంచి అక్కే చేసింది. బావకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట, ఆక్సిజన్ పెట్టారట, ప్రాణానికి భయం లేదన్నారట. నువ్వు కంగారు పడకే అని అక్కే ఈమెకి ధైర్యం చెప్పింది.

శాఖలో ఆ పేజీ అడుగు ముక్కని అప్పుడు చదివారు. ఎంత శ్రద్ధగా చదివారంటే, అవతలి ప్రాంతం అధ్యయనం పరిధిలో లేదని పరిశోధకులు ముందే స్పష్టంగా హెచ్చరించారని, అయినా నివాసులు స్వచ్ఛందంగా తరలి వెళ్ళారని మంత్రి సభలో చదివి వినిపించాడు. మన నివేదికని సభలో చదివారని ప్రొఫెసరు గారు పొంగిపోయారు. అంతకన్నా పెద్ద ఆలోచన ఆయనకి ఆ పూటే తట్టింది. రెండో సమీక్షకుడు అడిగిన వరద వచ్చింది కదా. గోడల మీద నీటి గుర్తులు చెరిగిపోకముందే కొలవాలి, నీ వాళ్ళే అక్కడున్నారు కదమ్మా, గోడలు కడగొద్దని వెంటనే చెప్పు అన్నారు. నీళ్ళమ్మకి ఆయన్ని తిట్టాలనిపించింది. ఫోను చేసి, గోడలు కడగొద్దక్కా అని మాత్రం చెప్పింది.

రోడ్డు తెరుచుకోగానే టేపు పట్టుకుని వెళ్ళింది. పక్క ఫ్లాట్ల వాళ్ళు గోడలు కడిగేసుకుని తలుపులు బార్లా తీసి ఆరబెట్టుకుంటున్నారు. అక్క ఇంట్లో మాత్రం గోడల నిండా బురద అలాగే ఎండిపోయి ఉంది. వాసన ముక్కు పగలగొడుతోంది. మిషన్లు మూడూ మూల పడి ఉన్నాయి. అక్క ఆస్పత్రి నుంచి బావ బట్టల కోసం వచ్చింది, కళ్ళు గుంటలు పడ్డాయి. చెల్లెల్ని చూడగానే, నువ్వు చెప్పావని కడగలేదు, పై అధికారులెవరైనా వచ్చి చూస్తారా, సాయం ఏమైనా ఇస్తారా అని అడిగింది. నీళ్ళమ్మ, కొలవాలక్కా, లెక్కతో సరిపోల్చాలి అంది. అక్క టేపు చివర అందుకుని, వంగి, నేల దగ్గర పట్టుకుంది. నీళ్ళమ్మ గోడ మీద బురద గీత దాకా టేపు లాగి, అంకె చూసి రాసుకుంది.

"ఎంతొచ్చింది?" అడిగింది అక్క, వంగే ఉండి.

"నూట నలభై రెండు సెంటీమీటర్లు."

"నీ లెక్కలో ఎంతుంది?"

"నూట నలభై," అంది నీళ్ళమ్మ. ఆ అనడంలో, వద్దనుకుంటూనే, లెక్క సరిపోయిన తృప్తి గొంతులోకి వచ్చేసింది. ఆ గొంతు ఆమెకే వినబడింది.

అక్క టేపు వదిలి నిలబడింది.

"ఈ లెక్క ఎప్పుడు వేశావు?"

నీళ్ళమ్మ రాసుకున్న అంకె వైపు చూసింది. పలకకపోతే అక్క అలాగే చూస్తూ నిలబడుతుందని చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మీరు ఇక్కడికి రాకముందు."

"ఆ రోజు ఇదే గదిలో మిషను పట్టుకుని నిలబడ్డావే. అప్పటికే తెలుసా?"

"తెలుసు."

అక్క కిటికీ వైపు చూసింది. కోపం వస్తుందని, తిడుతుందని నీళ్ళమ్మ కాచుకుని ఉంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"చెప్పినా నమ్మేదాన్ని కాదేమోనే," అంది అక్క మెల్లగా. "నమ్మకపోతే ఆ తప్పు నాదయ్యేది. ఇప్పుడు మీ బావకి ఏమని చెప్పను? ఆస్పత్రిలో అందరితోనూ నీ గురించే గొప్పగా చెబుతున్నాడు."

నీళ్ళమ్మ ఏడ్చింది. అక్క దగ్గరికి రాలేదు. మూలనున్న బకెట్టు తీసుకుని, కుళాయి కింద పెట్టి, నిండేదాకా చూస్తూ నిలబడింది.

"నీ పని అయిందిగా," అంది. "ఇక గోడ కడుక్కోవచ్చా?"

నీళ్ళమ్మ తలూపింది. ఇంకో గుడ్డ కోసం చేయి చాపితే, అక్క దాన్ని తన వైపు లాక్కుంది. తడిగుడ్డతో ఆ బురద గీతని ఒక చివర నుంచి తుడవడం మొదలుపెట్టింది. నీళ్ళమ్మ టేపు చుట్టుకుని, గడప బయట చాలాసేపు నిలబడింది. లోపలి నుంచి పిలుపు రాలేదు.